పుల్లయ్యకు బడిపేరు

"టీచరమ్మగారు పూజకెళ్ళారమ్మా, వచ్చేస్తారు, కూచోండి" అని వరండాలో బల్ల చూపించి ఆయా మణెమ్మ చీపురు పుచ్చుకుని దొడ్లోకి వెళ్ళిపోయింది. కూచుంది రామతులసి. కూచోవడమంటే కూచోవడమా అది, బల్ల అంచున, ఎవరన్నా పొమ్మంటే చటుక్కున లేచి పోవడానికి వీలుగా. కిరస్తానీ వాళ్ళకి పూజేమిటో అనుకుంది, ఉంటుంది కాబోలు, చర్చిలో, ఎవరి మొర వాళ్ళు పెట్టుకోవాలిగా, వినేవాడు వింటాడో లేదో అది వేరే సంగతి. మృగశిర వచ్చిందన్న మాటే గానీ బెజవాడ ఎండ రోహిణినాటి ఎండే, ఇంత పొద్దున్నే పెంకుల్లోంచి సెగ దిగుతోంది. పక్కన పుల్లయ్య. ఐదు నిండినవాడు. కొత్త నిక్కరు, కొత్త చొక్కా, తలకి పట్టించిన ఆముదం కణతల మీదికి కారుతోంది, ముక్కుకి సన్నటి బంగారు పోగు. కాళ్ళు ఊపుతున్నాడు. ఊపకురా, ఒట్టినే కాళ్ళు ఊపకూడదు. ఎందుకు ఊపకూడదు? ఊపకూడదంతే, అన్నిటికీ ఎందుకు అంటే ఏం చెబుతాం. పొద్దున సైకిలు బయటికి తీస్తూ ఆయనేమన్నాడు? "ఇవాళ చేర్పించే రా. పేరు మంచి పేరు చెప్పు. చెప్పలేనంటావా, రేపే బస్సెక్కించి మా అమ్మ దగ్గరికి పంపేస్తాను వీణ్ణి. అక్కడ పుల్లయ్యగానే గేదెలు కాసుకుంటాడు, నీకూ హాయి" అన్నాడు. అని వెనక్కి చూడకుండా లారీ ఆఫీసుకి వెళ్ళిపోయాడు. సంజీవరావు కోపిష్టి మనిషేం కాదు, అందుకే ఆ మాట అంత గట్టిగా తగిలింది. పంపేస్తాడు, అన్నాడంటే చేస్తాడు. వీడు పక్కలో లేకుండా తెల్లారడమే! అమ్మో! అలాగని మంచి పేరు చెప్పడం ఎలా? ఏ నోటితో చెప్పడం? తల్లి నోటివెంట వీడికి మంచి పేరు రాకూడదని కదా మొక్కు. వీడు పెళ్ళిపీటల మీద కూచునేదాకా రాకూడదు. వచ్చిందా, ఆ పేరు విని తీసుకుపోయేవాడు గుమ్మంలోకి వస్తాడు, ఇదివరకు రెండుసార్లు వచ్చినట్టే.

ఎక్కడెక్కడ తిరిగారని వీడి బడి కోసం! ముందు ఆ పెద్ద కాన్వెంటు. కోటగుమ్మంలాంటి గేటు, లోపల ఎర్రమట్టి పరిచిన దారి, దారికి అటూ ఇటూ సున్నం కొట్టిన రాళ్ళు, పిల్లలందరికీ మెడలో టైలు, ఈ ఎండలో మెడకి అదేం శిక్షో పాపం. కిటికీ వెనకాల గుమాస్తా తలెత్తకుండానే పేరేంటన్నాడు. పుల్లయ్యండీ అంది. అప్పుడెత్తాడు తల. "పుల్లయ్యా? ఇంకేం దొరకలేదామ్మా మీకు? మా ఇంగ్లీషు మేడము ఈ పేరు పిలవాలంటే నోరు తిరగొద్దూ!" అని పక్కవాడికేసి చూసి నవ్వాడు, పక్కవాడూ నవ్వాడు. తర్వాత పిల్లవాడి ముక్కుపోగు చూసి, ఆడపిల్లా మగపిల్లాడా అని మళ్ళీ నవ్వాడు. నోరు తిరక్కపోతే మానె, నీ నోరు పడిపోను, అనుకుంటూ పిల్లాడి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. వస్తుంటే దారంతా వీడు ఒకటే గోల, ఎందుకు నవ్వాడమ్మా, పుల్లయ్యంటే ఏంటమ్మా, నాకు ఇంకో పేరు లేదా అమ్మా అని. లేదురా. ఎందుకు లేదు? అందరికీ ఒకటే ఉంటుందిరా. నీకొకటే ఉందా? ఒకటే. ఆ రోజు నుంచే వాడు వీధిలో ఎవరన్నా పేరడిగితే చెప్పకుండా ఆమె కొంగు వెనక్కి నక్కడం మొదలుపెట్టాడు, అది చూసే సంజీవరావుకి పట్టుదల పెరిగింది. ఆ తర్వాత కాలవగట్టున మునిసిపల్ బడి. అక్కడి మేష్టారు మంచివాడు, చుట్ట చెవిలో పెట్టుకుని, "రానీండమ్మా, మా బళ్ళో ముగ్గురు పుల్లయ్యలున్నారు, పెద్ద పుల్లయ్య, పొట్టి పుల్లయ్య, చీమిడి పుల్లయ్య, మీవాడు కొత్త పుల్లయ్య" అన్నాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. నవ్వి ఇంటికొచ్చాక తోచింది, ముగ్గురు పుల్లయ్యలంటే ముగ్గురు తల్లులు. ఊళ్ళో ఎక్కడెక్కడో, ఏ సందుల్లోనో, ముందు పుట్టినవాళ్ళని మట్టిలో పెట్టి వచ్చి, మిగిలినవాణ్ణి కళ్ళల్లో వత్తులేసుకుని కాచుకుంటున్న ముగ్గురు ఆడవాళ్ళు. వాళ్ళనోసారి చూడాలనిపించింది. ఆ బడి గుమ్మం దగ్గర సాయంత్రంపూట నిలబడితే కనపడతారు, పలకరించక్కర్లేదు, మొహాలు చూస్తే చాలు. అక్కడే చేర్పిద్దామండీ అంది. "జై ఆంధ్రా గొడవల్లో పగిలిన కిటికీలు ఇప్పటికీ బాగుచెయ్యలేదు, వానొస్తే గొడుగేసుకుని పాఠాలు చెబుతారు, వాణ్ణక్కడ పడేస్తావా, నీ పిచ్చి నీదేగానీ వాడి సంగతి చూడవా" అన్నాడాయన. వాడి సంగతి కాక ఇంకెవరి సంగతి చూస్తోంది తను.

ఈ సత్యనారాయణపురం బడి సంగతి ఎవరో చెబితే విని మొన్న ఆయనే వచ్చి చూసిపోయాడు. బడంటే బడి కాదు, ఇల్లే. రెండు గదులు, ఈ వరండా, దొడ్లో ఓ జామచెట్టు, గోడమీద మరియమ్మ పటం, పటానికి కనకాంబరాల దండ. అమలమ్మ టీచరని ఆవిడ, పెద్దావిడ, పెంచుకున్నట్టు చూస్తుందట పిల్లల్ని. ముప్పై మంది కూడా ఉండరు. పుల్లయ్య ముక్కుపోగు చూసి నవ్వే మగ గుమాస్తాలు లేరు. ఇదైతే బాగుంది అనిపించింది రామతులసికి కూడా, గుమ్మంలో అడుగుపెట్టగానే, అంతలోనే బాగుంది అనుకున్నందుకు భయమేసింది. బాగుంది అనుకున్నవేవీ తనకి నిలవలేదు. పెద్దాడు పుట్టినప్పుడు అనుకుంది, ఎంత బాగున్నాడు అని. పేరు కూడా తనే ఏరింది, వారపత్రిక తిరగేసి, నచ్చినవి నాలుగు గుర్తుపెట్టుకుని, నోట్లో అటూ ఇటూ తిప్పి చూసుకుని, పిలిస్తే ఏది తియ్యగా ఉంటుందా అని. పళ్ళెంలో బియ్యం పోసి ఆ పేరు ఉంగరంతో రాయించారు, పదిమందీ బాగుందే బాగుందే అన్నారు. ఆ పేరు ఇప్పుడు రామతులసి నోట రాదు. మనసులోకీ రానివ్వదు, దాని అంచు తగిలితే చాలు మనసు పక్కకి తప్పుకుంటుంది, పెద్దాడు అంటుంది, ఎప్పుడైనా ఆ మాట ఎత్తాల్సొస్తే. అదీ ఏడాదికోసారి. వాడు పోయాక అత్తగారు రావమ్మ ఏడ్చి ఏడ్చి, ముక్కు చీది, అననే అంది. "అంత ముద్దుపేరు పెట్టావు తులసీ, ఊరందరి నోళ్ళలోనూ పడింది. వినకూడనివాడు కూడా విన్నాడు" అంది. చెడ్డది కాదు ముసల్ది, మనవడి మీద ప్రాణం పెట్టుకున్నదే, ఏదో ఓ కారణం కావాలి కదా మనిషికి. ఆ తర్వాత ఆడపిల్ల పుట్టింది. ఉషాబాల. అదీ చక్కటి పేరే. పాలు తాగుతూ తాగుతూ నవ్వే పిల్ల, బోర్లా పడకుండానే వెళ్ళిపోయింది. ఇంక అత్తగారి మాట కాదనడానికి రామతులసి దగ్గరేం మిగల్లేదు.

అందుకే వీడు పుట్టినప్పుడు పామర్రు దగ్గర వాళ్ళ పల్లెలో, పురిటి పదకొండోరోజు భోజనాల బంతులు లేచాక, దొడ్లో పడేసిన ఎంగిలి విస్తళ్ళ కుప్ప మీద వీణ్ణి పడుకోబెట్టి పొర్లించింది రావమ్మ. పులుసూ మజ్జిగా అంటుకుని కేరుకేరుమని ఏడ్చాడు. ఏడవనీండి, ఏడిస్తేనే వాడికీ ఇష్టముండదు, ఇది పనికిరాని సరుకు అనుకుంటాడు అంది. వాడు అంటే యముడు, ఆ పేరూ అనరు ఎవ్వరూ. ఆ తర్వాత పాలెం నుంచి దానమ్మని పిలిపించి చేటెడు తవుడుకి వీణ్ణి అమ్మేశారు. దానమ్మ వాళ్ళు యేసుని నమ్మినవాళ్ళు, పొలం పనుల్లో రావమ్మకి కుడిభుజం. చేటలో తవుడు పోసి బిడ్డనెత్తుకుని, "మాకివన్నీ లేవు పెద్దమ్మా, మా పాస్టరయ్య వింటే చీవాట్లు పెడతాడు. అయినా పసిబిడ్డ కోసమంటే మా సామి కూడా కాసేపు అటు తిరిగి కూచుంటాళ్ళే" అంది. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చి, నా కొడుకు మీ ఇంట్లో పెరుగుతాడు, జాగర్త అని రామతులసి ఒళ్ళో పెట్టింది. ఇప్పటికీ ఊరెళ్తే, నా కొడుకుని సరిగ్గా సాకుతున్నావా లేదా అని దెబ్బలాడుతుంది, జామకాయలు ఒళ్ళో పోస్తుంది. ముక్కు కుట్టించారు. ఎంగిలి పుల్లాకుల మీద దొరికాడు గనక పుల్లయ్య అన్నారు. అప్పుడు పెట్టింది రావమ్మ ఆంక్ష. "ఎవరన్నా ఏమన్నా పిలవనీ. నీ నోట మాత్రం వీడికి చక్కటి పేరు రాకూడదు. తల్లి పిలుపు చాలా దూరం వినపడుద్దే" అంది. వినపడుతుందని రామతులసికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రోజు నుంచి కన్నా అన్లేదు, నా బంగారం అన్లేదు. పాలిస్తూ కూడా, ఒరే వెధవా, ఒరే పుల్లిగా, తిని చావరా అంది. అలా అంటూ ఎన్నిసార్లు వాడి అరికాలు ముద్దుపెట్టుకుందో, అదైతే నోరు కాదులే మాటరాదులే అని తనకి తనే సర్దిచెప్పుకుంది. అలా ఐదేళ్ళూ గడిచాయి. వీడు ఉన్నాడు. ఏదో ఒకటి పనిచేసింది కాబట్టే కదా ఉన్నాడు.

లోపల చిన్న టీచరు, అమలమ్మగారి తమ్ముడి కూతురట, హాజరు వేస్తోంది. పిల్లలు లేచి నించుంటున్న చప్పుడు. లెనిన్‌బాబు. ప్రెజెంట్ టీచర్. మేరీ సుహాసిని. ప్రెజెంట్. రామతులసి బల్ల అంచు పట్టుకుంది, ఒక్కో పేరూ అలా గాల్లోకి వదిలేస్తుందేమిటి ఈ పిల్ల, తలుపులన్నీ బార్లా తీసి, రోడ్డుమీద పోయేవాడికల్లా వినపడేలాగా. కమలాకర్. పలుకు లేదు. కమలాకర్. పలుకు లేదు. ఒరే ఎవడ్రా కమలాకర్, పలకరేం, పలకండ్రా ఎవరైనా, ఆమె బల్లమీంచి సగం లేచింది. వాడు రాలేదు టీచర్, వాళ్ళమ్మమ్మ ఊరెళ్ళాడు టీచర్, అని నలుగురు ఒక్కసారే అరిచారు. కూచుంది. అమ్మమ్మ ఊరు. పిలిస్తే పలక్కపోతే అమ్మమ్మ ఊరు వెళ్ళినట్టు, అంతే, మామూలుగా లోకంలో అందరికీ అంతే. తనకే కదా వేరే. ఆ బస్సు. ఆ బస్సులో పిలిచినట్టు ఏ తల్లీ పిలిచి ఉండదు. పెద్దాడికి జ్వరం, సన్నిపాతమన్నారు, ఊళ్ళో మందులు పని చెయ్యక బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంటే పామర్రులో బస్సెక్కారు. ఆయనకి ముందెక్కడో డ్రైవరు వెనకాల చోటు దొరికింది, తనకి వెనక సీట్లో ఆడవాళ్ళ మధ్య. పెద్దాడు ఒళ్ళో. ఒళ్ళు కాలిపోతోంది, ఊపిరి పిల్లిపిల్లలా తీస్తున్నాడు. ఉయ్యూరు దాటింది. చెరుకు బళ్ళు. అమ్మా నీళ్ళు అన్నాడు, పట్టింది, తాగాడు. కంకిపాడు వచ్చేలోపల ఎక్కడో, ఏ మలుపులోనో, బందరు కాలవ కిటికీలోంచి తళతళలాడుతున్నప్పుడు, ఒళ్ళో బరువు మారింది. ఎలా మారిందో చెప్పడం ఆమె వల్ల కాదు, కన్నవాళ్ళకి తెలుస్తుంది. కేక రాబోయింది. ఎదురుగా కండక్టరు. బస్సులో ప్రాణం పోయిందని తెలిస్తే దింపేస్తారు, మొన్నేగా ఎవరినో దింపేశారని ఊళ్ళో చెప్పుకున్నారు, రోడ్డుమీద ఎండలో వీణ్ణి పెట్టుకుని ఎక్కడ కూచోను అనుకుంది. అంతే. నోరు మూసుకుంది. పక్కావిడ, పిల్లాడికెలా ఉందమ్మా అంది. నిద్రపట్టిందండీ అంది తను. పైట కప్పింది. ఆవిడ అనుమానంగా చూస్తుంటే, ఆ పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. మెల్లిగా. లేరా నాన్నా, బెజవాడొస్తోంది, లే. నిద్రపోయేవాణ్ణి లేపినట్టే, గొంతు వణక్కుండా. పిలుస్తూనే ఉంది. బెంజి సర్కిలు దాకా, బస్సుస్టాండు దాకా. ఒక్కసారి ఊఁ అంటే చాలు, ఒక్కసారి. అందరూ దిగాక ఆయన వచ్చి పైట తీసి చూశాడు. ఆ తర్వాత మళ్ళీ ఆమె ఆ పేరు అన్లేదు. ఎవరూ అనొద్దన్లేదు. అంత పిలిచినా పలకని పేరు, మళ్ళీ ఎత్తితే పలుకుతుందా.

వీధవతల రైలు వెళ్తోంది, గుడివాడ వైపు బండి కాబోలు, పెంకులు గలగలలాడాయి. పుల్లయ్య పరిగెత్తి వెళ్ళి వరండా కటకటాలు పట్టుకుని పెట్టెలు లెక్కపెడుతున్నాడు, రెండు మూడు తొమ్మిది పది అని. ఒరే పడతావురా వెధవా అంది. మణెమ్మ నవ్వుతూ వచ్చి బల్ల దుమ్ము దులిపి పక్కనే కింద చతికిలబడింది. "మీ బాబు ఉషారుగా ఉన్నాడమ్మా. ఏం భయపడబాకండి. మా టీచరమ్మగారు అందర్లాంటిది కాదు. పేరు కూడా పెద్దాళ్ళని అడగదు, పిల్లోణ్ణే అడుగుద్ది. వాడు ఏం చెబితే అదే రాస్తది. తన పేరు తను చెప్పుకోలేని వాడు అక్షరాలేం నేరుస్తాడంటది. పోయినేడొకడు బుజ్జిగాడు అన్నాడు, బుజ్జిగాడనే రాసింది. వాళ్ళ నాన్నొచ్చి ఒకటే చిందులు, చచ్చేంత నవ్వు మాకు" అంది. రామతులసి బల్లమీద వెనక్కి జరిగి కూచుంది. తనని అడగరు! తన నోటితో చెప్పక్కర్లేదు. సంజీవరావు పేరు చూసే పెట్టాడు, వారం నుంచి వాడికి నేర్పుతున్నాడు, భోజనం దగ్గర ముద్ద ముద్దకీ చెప్పిస్తున్నాడు, ఆ పేరు మొదలెట్టగానే ఆమె లేచి దొడ్లోకి వెళ్ళిపోయేది. తండ్రి పెట్టాడు, బిడ్డ చెప్పుకుంటాడు, మధ్యలో తల్లికేం సంబంధం? మొక్కు తల్లి నోటికి గానీ బిడ్డ నోటికి కాదుగా. ఇంట్లో పుల్లిగాడు పుల్లిగాడే, బడిలో ఏదో బడిపేరు, తను ఆ బడి గుమ్మం ఎక్కకుండా ఉంటే సరి. అత్తగారినడిగితే ఏమనేదో. అడక్కూడదు, కొన్ని అడిగితే చెడతాయి. పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది, "టీచరుగారు పేరడుగుతారు. నాన్న నేర్పిన పేరు చెప్పు."

"ఏ పేరు?"

"అదేరా. నాన్న అన్నం తినేటప్పుడు నేర్పాడే, అది."

"నువ్వు చెప్పు ఏదో."

"ఛీ వెధవా, నాకు నోరు తిరగదు. నువ్వే చెప్పాలి, నీ ఇష్టంగా, గట్టిగా."

వాడు ఆమె మొహంలోకి చూసి సరేనని తలూపాడు. గొడుగు ముడుస్తూ అమలమ్మ టీచరు మెట్లెక్కింది. తెల్లచీర, తలమీద కప్పుకున్న కొంగు ఇంకా తియ్యలేదు. "చాలాసేపు కూచోబెట్టానామ్మా, ఇవాళ ఎవరిదో ఆత్మశాంతికి పూజ పెట్టారు, ఆలస్యమైంది" అంది. ఆత్మశాంతి అన్న మాట వినగానే రామతులసి పిల్లాడి తలమీద చెయ్యేసింది, ఇప్పుడే అనాలా ఆ మాట, ఈ గుమ్మంలోనే అనాలా. అమలమ్మగారు అవేం గమనించలేదు. వాణ్ణి నిలబెట్టి, కుడిచెయ్యి తలమీంచి తిప్పి ఎడమచెవి అందుకోమంది. అందుకున్నాడు, అందుకోవడమే కాదు, పట్టుకుని మెలేసుకున్నాడు. "అబ్బో, అయిదు దాటినవాడే!" అని నవ్వి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మెల్లిగా వాడెత్తుకి వంగింది. "నీ పేరేంటి నాన్నా?" అంది. వాడు తల్లికేసి చూశాడు. రామతులసి మొహం తిప్పుకుని మరియమ్మ పటం చూస్తోంది, చెప్పరా, చెప్పెయ్యి, నేను విననులే, నాకు వినపడదులే.

"శశి" అన్నాడు వాడు.

ఏమన్నాడు? పటంలో కనకాంబరాలు, గోడమీద బల్లి, లోపల పిల్లలు ఒకటీ రెండూ అని ఒంట్లు చదువుతున్నారు. ఏమన్నాడు వాడు? ఆ పేరే. ఉంగరంతో బియ్యంలో రాసిన పేరు, బస్సులో బెజవాడ దాకా పిలిచిన పేరు, పెద్దాడి పేరు. తమ ఇంట్లో ఆ పేరు ఎవరన్నారని? ఆయన అనడు. రావమ్మ చచ్చినా అనదు. వీడు పుట్టకముందు పోయిన మాట, ఎవరు చేరేశారు వీడి చెవిలో! ఎవరొచ్చి చెప్పారు? ఆమె కళ్ళు వరండా అంతా వెతికాయి, నిజంగానే ఎవరో వాడి వెనకాల నిలబడి ఉన్నట్టు. వాడి వెనకాల కటకటాలు, కటకటాల మీద ఎండ, అంతే. అమలమ్మగారు కూడా తెల్లబోయింది. "సంతోష్‌కుమార్ అన్నారే మొన్న మీ నాన్నగారు?"

"అది నాన్న నేర్పింది" అన్నాడు పుల్లయ్య, పెద్దవాళ్ళకి విడమరిచి చెప్పినట్టు. "పుల్లయ్య నాయనమ్మ పెట్టింది. అమ్మ నన్ను శశి అంటుంది."

"అలాగా! ఎప్పుడూ అలాగే పిలుస్తుందా మీ అమ్మ?"

"పగలు పిలవదు. పడుకున్నాక పిలుస్తుంది, నిద్రలో. శశీ, శశీ, లేరా నాన్నా అంటుంది. నేను ఊఁ అంటాను. అప్పుడు మళ్ళీ పడుకుంటుంది. పలక్కపోతే ఏడుస్తుంది, అందుకని నేను ముందే ఊఁ అంటా."

నిద్రలో. రోజూనా? వీడికి మాటలొచ్చినప్పట్నుంచీనా, అంతకుముందు నుంచా, ఎన్నాళ్ళ నుంచి? ఆయనకి తెలుసా? తెలుసు, ఇంటి దగ్గర వరండాలో మంచం ఆయనది, తెలిసే ఊరుకుని ఉంటాడు, ఏమని లేపుతాడు. దేవుడా, పగలంతా పళ్ళబిగువున పుల్లిగా పుల్లిగా అని కాచి కాచి, రాత్రయ్యేసరికి ఈ నోరే, ఈ పాడునోరే, పక్కలో పడుకున్న బిడ్డ చెవిలో ఆ పేరు పోసింది. తల్లి పిలుపు దూరం పోతుందన్నారు. పోయే ఉంటుంది. ఎన్ని రాత్రుళ్ళు పోయి ఉంటుంది. మరి రాలేదే ఎవరూ! వీడు పలికాడు, లేచాడు, పొద్దున్నే చద్దన్నం తిన్నాడు, మోకాలు దోక్కున్నాడు, పెరిగాడు, చెవి అందుకున్నాడు. ఎవరూ రాలేదు. అయితే పేరు వల్ల కాదా? పేరు విని కాదా వచ్చింది? అత్తమ్మా, పేరు వల్ల కాదట! మరి దేనికి పోయాడు నా తండ్రి, ముద్దుపేరు పెట్టినందుకు కాకపోతే దేనికి? ఏడేళ్ళుగా నేనే, నా నోరే, నా ముచ్చటే వాణ్ణి మింగిందని కుమిలి కుమిలి చచ్చాను కదా, అదీ కాకపోతే ఊరికే పోయాడా, జ్వరమొచ్చి ఊరికే, ఏ తప్పూ లేకుండా ఊరికే? ఏడుపొచ్చింది, అది భయమో, హాయో, పెద్దాడు ఇప్పుడే రెండోసారి పోయినట్టో ఆమెకే తెలియలేదు.

అమలమ్మగారు నడుం మీద చెయ్యేసుకుని లేచి నించుంది. ఆవిడ రామతులసి మొహం చూసింది, చూసి గొంతు తగ్గించింది. "ఏమ్మా? పిల్లవాడు చెప్పిందే రాయడం మా అలవాటు. కానీ మీరు వేరే అనుకుంటే చెప్పండి, ఫరవాలేదు. శశి వీడి పేరేనా?"

కాదండీ. అది వాళ్ళన్న పేరండీ, పోయాడండీ. ఎంత తేలిక, రెండు ముక్కలు. పెద్దాడికి ఇంక మిగిలింది ఆ పేరొక్కటే, చొక్కాలు మంట్లో పోయాయి, ఫొటో తీయించలేదు, ఈ భూమ్మీద వాడిదంటూ ఉన్నది ఆ రెండక్షరాలే. అదీ తీసి ఇంకొకరికిచ్చేస్తే వాడికేముంది? వాడెక్కడుంటాడు? ఇవ్వను, నేనివ్వను. అని నోరు తెరిచి కిందికి చూసింది. పుల్లయ్య ఆమెనే చూస్తున్నాడు. కొంగు వెనక్కి నక్కలేదు ఇవాళ. పేరు అడిగితే మొట్టమొదటిసారి నిటారుగా నించుని చెప్పాడు, చెప్పి, సరిగ్గా చెప్పానా అని తల్లికేసి చూస్తున్నాడు. పగలు వెధవా, రాత్రి నాన్నా. పగటి తిట్లన్నీ వీడు ఆ రాత్రి పిలుపు కోసమే ఓర్చుకున్నాడు, అమ్మకి నేనంటే ఇష్టమే, రాత్రి చెబుతుందిగా అని. ఆ పిలుపు నీది కాదురా, నీ పక్కలో పడుకుని ఇన్నాళ్ళూ ఇంకొకణ్ణి పిలిచానురా అని ఇప్పుడు ఈ వరండాలో, పరాయి మనిషి ముందు, ఏ తల్లి చెబుతుంది? పలికింది వీడు. పెద్దాడు పలకలేదు. ఎంత పిలిచినా పలకలేదు.

"ఆయనకి తెలీదండీ, అందుకే వేరే చెప్పారు" అంది రామతులసి. గొంతు తనది కానట్టుంది, అయినా గట్టిగానే వచ్చింది, లోపల చిన్న టీచరు కూడా తల తిప్పేంత గట్టిగా. "వీడేనండీ శశి. నా కొడుకు శశి. రాసుకోండి."